భూగర్భమును తూచిన ఆచార్యుడు: లోరాండ్ ఎట్వోష్ చరిత్రము

నేలలోపల నేమున్నదో తెలిసికొనవలెనని మనుష్యుడు అనాదిగా కోరుచున్నాడు. నీటికొరకు బావి త్రవ్వించువాడు చెట్టును జూచి, పుట్టను జూచి, పెద్దలు చెప్పిన గురుతులను జూచి చోటు నిర్ణయించుకొనును. శిలాతైలమును వెదకినవారును మొదట నిట్లే చేసిరి. నూనె ఊటయై పైకి వచ్చిన చోట త్రవ్విరి. అస్సాములోని డిగ్బోయివద్ద 1889వ సంవత్సరమున త్రవ్వనారంభించిన బావి యట్టి ఊటల ననుసరించినదే. అమెరికాలో టెక్సాసు రాష్ట్రమందలి స్పిండిల్‌టాప్ అను చోట 1901 జనవరి 10వ తేదీన నూనె ఆకాశమంత యెత్తు చిమ్మెను. అచ్చటను నేల కొంచెము మిట్టగా నుండుటయు, వాయువు వెలువడుచుండుటయు గురుతులైనవి. అయితే ఊటయు మిట్టయు లేని సమతలభూమి మాట యేమి? పైన పంటచేలు, గడ్డిబీళ్లు మాత్రమే కనబడుచున్నప్పుడు వేయి గజముల లోతున నున్న రాతిపొరల యాకారమును తెలిసికొనుట యెట్లు?

ఈ ప్రశ్నకు ఉపకరించు యంత్రమును లోకమునకిచ్చినవాడు హంగరీ దేశపు భౌతికశాస్త్రాచార్యుడు లోరాండ్ ఎట్వోష్. ఆ దేశమున ఆయన పేరు సుప్రసిద్ధము. బుడాపెస్టులోని ప్రధాన విశ్వవిద్యాలయమునకు 1950లో ఆయన పేరే పెట్టిరి. మన పాఠశాలలలో న్యూటను పేరు వినబడినంతగా ఈయన పేరు వినబడదు. విచిత్రమేమనగా, ఈయన తన జీవితమున చాలభాగము నూనెను గూర్చి పనిచేసినవాడు కాడు. భూమ్యాకర్షణశక్తి ఒక చోటికిని దాని ప్రక్కచోటికిని ఎంత మారునో కొలుచుటయే ఆయన పూనిన పని. ఆ కొలత పిమ్మట నూనె వెదకువారికి కన్నువలె నుపయోగపడెను. కొంతకాలమునకు వారే దానిని విడిచిపెట్టిరి. మరల చాలకాలమునకు క్రొత్తరూపున దానినే చేపట్టిరి. ఒక పని యొక్క విలువ యేనాటి లెక్కతో కట్టవలెనో ఈ చరిత్ర వలన కొంత తెలియునని తలచి దీనిని మా విద్యార్థుల ముందుంచుచున్నాము.

ఎట్వోష్ 1848 జూలై 27వ తేదీన బుడా నగరమున జన్మించెను. ఆ కాలమున డాన్యూబు నదికి ఒక యొడ్డున బుడాయు, రెండవ యొడ్డున పెస్టును వేరువేరు పట్టణములుగా నుండెను. 1873లో అవి యేకమై బుడాపెస్టు అయ్యెను. తండ్రి యోజెఫ్ ఎట్వోష్ పేరుగన్న గ్రంథకర్త, రాజ్యతంత్రజ్ఞుడు. ఆయన 1848లో మతవిద్యాశాఖల మంత్రియై, ఆ యేటి విప్లవకల్లోలములో కుటుంబముతో మ్యూనిక్ నగరమునకు వెళ్లి కొంతకాలము ప్రవాసముండెను. మరల 1867లో అదే పదవిని స్వీకరించి 1871లో మరణించువరకు నిర్వహించెను. 1868లో హంగరీలో ప్రాథమికవిద్యను నిర్బంధము చేసిన చట్టము ఆయన కృషిఫలమే.

ఇట్టి యింట పుట్టిన కుమారుడు న్యాయశాస్త్రము చదివి, రాజకార్యములలో ప్రవేశించుట ఆనాటి పెద్దకుటుంబముల పరిపాటి. లోరాండును 1865లో న్యాయశాస్త్రవిద్యార్థిగానే చేరెను. కాని ఆయన మనస్సు ప్రకృతిశాస్త్రములపై నుండెను. తండ్రితో తన యభిలాషను దాచక చెప్పుకొని, ఆయన సమ్మతిని పొంది, 1867లో జర్మనీలోని హైడల్‌బర్గు విశ్వవిద్యాలయమునకు వెళ్లెను. అచ్చట కిర్కాఫ్, హెల్మ్‌హోల్ట్జ్, బున్సెన్ అను ముగ్గురు మహాపండితులు ఆయనకు గురువులైరి. మన ప్రయోగశాలలలో వెలుగు బున్సెన్ దీపము ఈ మూడవ గురువు పేరు మోయుచున్నదే. కొంతకాలము కోనిగ్స్‌బర్గులో ఫ్రాంజ్ నోయ్‌మన్ కడను చదివెను. చదువుకొను దినములలోనే ఉత్తరధ్రువప్రాంతమునకు బోవు నొక యాత్రలో చేరవలెనని యువ్విళ్లూరెను గాని, తండ్రి వారించుటచే మానుకొనెను. 1870లో డాక్టరు పట్టమును ఉత్తమశ్రేణిలో పొంది స్వదేశమునకు తిరిగి వచ్చెను.

1872లో, ఇరువదినాలుగవ యేట, ఆయన పెస్టు విశ్వవిద్యాలయమున ఆచార్యుడయ్యెను. 1878లో వృద్ధాచార్యుడగు ఆన్యోష్ యెడ్లిక్ పదవీవిరమణ చేయగా, ప్రయోగభౌతికశాస్త్రపీఠమును, దాని ప్రయోగశాలను ఎట్వోష్ చేపట్టెను. ఆయన మొదటి పరిశోధనములు ద్రవముల ఉపరితలములను గూర్చినవి. నీటిబొట్టు గుండ్రముగా నిలుచుటకును, సన్నని గొట్టములో నీరు పైకి ప్రాకుటకును కారణమైన తలతన్యతను కొలుచుటలో ఒక చిక్కు కలదు. ద్రవమును పరికరముతో అంటినచో దాని తలము చెడిపోవును. ఎట్వోష్ ద్రవము నంటకయే, దాని తలమునుండి ప్రతిఫలించు కాంతివలన ఆ వంపును కొలుచు నుపాయమును కనిపెట్టెను. తలతన్యత ఉష్ణోగ్రతతో నెట్లు మారునో తెలుపు సూత్రమును 1886లో ప్రకటించెను. అది నేటికిని ఎట్వోష్ సూత్రమని పేరొందియున్నది. అంటరాని వస్తువును అంటకయే కొలుచుట ఈయన బుద్ధికి సహజమైన మార్గము. భూగర్భము విషయమునను ఆయన ఈ మార్గమునే అవలంబించెను.

ఆకర్షణశక్తి యన్నిచోట్ల సమానము కాదను సంగతి అప్పటికే పండితు లెరుగుదురు. దీనికి మన దేశమునందే మంచి నిదర్శనము కలదు. హిమాలయములకు దిగువనున్న కలియానా, మధ్యభారతములోని కలియాన్‌పూరు అను రెండు స్థానముల యంతరమును మహాత్రికోణమితి సర్వేవారు నేలపై కొలిచి యొక లెక్కయు, నక్షత్రములను జూచి యొక లెక్కయు కట్టగా, రెంటికి 5 సెకండ్ల పైచిలుకు కోణపు తేడా వచ్చెను. తాపీపనివాని గుండుదారము వంటి లంబసూత్రమును పర్వతములు తమవైపు లాగుకొనుటయే దీనికి కారణమై యుండునని తలచిరి. కలకత్తాలో ఆర్చిడీకనుగా నుండిన జాన్ హెన్రీ ప్రాట్ 1855లో ఆ లాగుడును గణించి చూడగా, అది 15 సెకండ్లకు మించి యుండవలసి వచ్చెను. అనగా పర్వతములు లాగవలసినంతగా లాగుట లేదు. వాని యడుగున తేలికపదార్థ మేదో యున్నదన్నమాట. కన్నులకు కనబడని పదార్థమును గూర్చి లంబసూత్రము సాక్ష్యమిచ్చినది.

హిమాలయమంతటి రాశి చూపు ప్రభావమే ఇంత సూక్ష్మమైనచో, నేలక్రింది యొక చిన్న రాతిమడత చూపు ప్రభావ మెంతటిదై యుండును? దానిని పట్టుటకు ఎట్వోష్ 1890 ప్రాంతమున నిర్మించినదే ఆయన మెలిత్రాసు. సన్నని తీగకు అడ్డకమ్మిని వ్రేలాడగట్టి, ఆ తీగ మెలిపడుటను బట్టి స్వల్పశక్తులను కొలుచు నుపాయమును కూలుంబు, కేవెండిషు అంతకుముందే వాడిరి. కేవెండిషు 1798లో అట్టి త్రాసుతోనే భూమి సాంద్రతను కట్టెను. ఎట్వోష్ చేసిన మార్పు చూచుటకు చిన్నది. అడ్డకమ్మికి రెండు కొనలను సమానముగా గుండ్లుంచుటకు మారుగా, ఒక గుండును కమ్మికొననే అమర్చి, రెండవదానిని రెండవ కొననుండి దాదాపు 60 సెంటీమీటర్ల దిగువకు వ్రేలాడదీసెను. అప్పుడు రెండు గుండ్లును వేరువేరు ఎత్తుల నుండును. నేలక్రింద ఒక ప్రక్క బరువు శిల యుండి ఆకర్షణ దిశ ఏమాత్రము వంగినను, పైగుండుపై పనిచేయు శక్తియు క్రిందిగుండుపై పనిచేయు శక్తియు ఒకే తీరున నుండవు. ఆ తేడాచే కమ్మి పక్కకు తిరుగును. వెండ్రుకకన్న సన్నని ప్లాటినము తీగ మెలిపడును. తీగకు అంటించిన యద్దములో దూరదర్శినితో కొలబద్దను జూచి ఆ మెలిని లెక్కింతురు.

ఈ కొలత యెంత సూక్ష్మమో మా విద్యార్థులు గ్రహించుటకొక లెక్క చెప్పెదము. ఆకర్షణ మార్పును కొలుచు ప్రమాణమునకు శాస్త్రజ్ఞులు ఎట్వోష్ అనియే పేరిడిరి. ఒక మీటరు దూరములో ఆకర్షణ తన మొత్తములో దాదాపు 1000 కోట్లలో ఒక వంతు మారినచో అది ఒక ఎట్వోష్. ఆయన త్రాసు ఇట్టి ప్రమాణములలో కొలదివానిని కూడ పట్టగలిగెను. ఇట్టి త్రాసునకు చిన్నగాలి, కొంచెపు వేడి, దగ్గరగా నిలిచిన మనుష్యుని దేహభారము సైతము శత్రువులే. అందుచే దానిని పలుపొరల లోహపుపెట్టెలో నుంచి, గుడారము వేసి, ఎక్కువగా రాత్రివేళల పనిచేసెడివారు. కమ్మి ఊగుట మాని నిలుకడ పొందుటకు చాలసేపు పట్టును. దానిని వేరువేరు దిక్కులకు త్రిప్పి ప్రతిసారియు వేచియుండవలెను. ఒక్క స్థానమున కొలత ముగియుటకు గంటల కాలము చెల్లును.

1891 వేసవిని పశ్చిమహంగరీలోని షాగ్ కొండపై ఆ త్రాసును పరీక్షించిరి. అది పురాతనాగ్నిపర్వతము, నల్లరాతి కొండ. ఆకారము కంటికి కనబడుచున్నది గనుక, లెక్కకును కొలతకును పొత్తు కుదురునో లేదో చూచుటకు తగినచోటు. పరీక్ష నెగ్గెను. ఆ పిమ్మట 1901, 1903 సంవత్సరముల శీతకాలములలో బాలటోన్ సరస్సు గడ్డకట్టగా, ఆ మంచుపలకమీద త్రాసు నిలిపి కొలిచెను. మంచు అద్దమువలె సమతలము. చుట్టునున్న మిట్టపల్లములు కొలతను చెరుపవు. ఆ కొలతలవలన సరస్సు పొడవున నేలక్రింద ఆకర్షణ హెచ్చుగా నున్న యొక గీటు బయలుపడెను. నీరు, దానిపై మంచు, దానిపై మనుష్యుడు నిలిచి, అడుగునున్న రాతినిర్మాణమును చదివినట్లయ్యెను.

1900లో పారిసు ప్రపంచప్రదర్శనమున ఆ త్రాసును ప్రదర్శించిరి. 1906లో అంతర్జాతీయ భూమితి సంఘము బుడాపెస్టులో సమావేశమైనప్పుడు, వివిధదేశముల పండితులు బయలుపొలములో త్రాసు పనిచేయు విధమును స్వయముగా చూచిరి. వారు ఈ పనికి తగిన ధనసహాయము చేయుడని హంగరీ ప్రభుత్వమును కోరిరి. ప్రభుత్వమును అంగీకరించెను. అంతవరకు ప్రయోగశాలకు వచ్చు కొద్దిపాటి ద్రవ్యముతో సాగిన పని అప్పటినుండి దేశమంతట విస్తరించెను.

ఈ నడుమ ఎట్వోష్‌ను పదవులు చుట్టుముట్టెను. 1889లో హంగరీ శాస్త్రపరిషత్తునకు అధ్యక్షుడయ్యెను. 1891లో గణితభౌతికశాస్త్రసంఘమును నెలకొల్పెను. 1894 జూను మొదలు 1895 జనవరి వరకు, తండ్రి కూర్చున్న మతవిద్యాశాఖల మంత్రిస్థానమునందే తానును కూర్చుండెను. ఆ కొలదికాలములోనే ఆయన చేసిన యేర్పాటు ఉన్నతపాఠశాలల యుపాధ్యాయులు కాదగిన ప్రతిభావంతులగు విద్యార్థులకు వసతియు, గ్రంథాలయమును, గురుసహవాసమును కల్పించు కళాశాల. 1895లో తెరువబడిన ఆ కళాశాలకు ఆయన తండ్రి పేరు పెట్టిరి. ఉపాధ్యాయుడు తానే పరిశోధించునట్టి వాడైననే శిష్యులలో పరిశోధనబుద్ధిని మేల్కొల్పగలడని ఆయన విశ్వాసము. ఉపాధ్యాయవృత్తిలో నున్న మాకు ఆయన చరిత్రలో అత్యంత ప్రియమైన భాగమిదియే.

అయినను పదవి ఆయనను పట్టి నిలుపలేదు. మంత్రిత్వము వీడి ప్రయోగశాలకు వచ్చెను. 1905లో పరిషత్తు అధ్యక్షత్వమును కూడ వదలుకొని, మిగిలిన కాలమును త్రాసునకే యర్పించెను. అప్పటికాయన వయస్సు ఏబదియేడు. ఆ వయస్సున పెక్కుమంది గౌరవమును కూడబెట్టుకొనుచుందురు. ఈయన రాత్రివేళ గుడారములో కొలబద్దను చూచుటకై దానిని త్యజించెను. వినోదములలోను ఆయనకు శ్రమయే ఇష్టము. ఆల్ప్సు పర్వతశ్రేణిలో కొండలెక్కుటయందు ప్రసిద్ధుడై, తన కుమార్తెలు రోలాండా, ఇలోనా అనువారికిని ఆ విద్య నేర్పెను. ఇటలీలోని డోలమైటు పర్వతములలో ఒక శిఖరమునకు ఎట్వోష్ శిఖరమని పేరు కలదు.

త్రాసు వలన రెండు గొప్ప శాస్త్రసత్యములును తేలినవి. మొదటిది: ఏ పదార్థమైనను, దానిని కదలించుటకు కావలసిన జడత్వభారమును, భూమి దానిని లాగు ఆకర్షణభారమును సమానమేయను సంగతి. ఎట్వోష్ తన సహాయులగు పెకార్, ఫెకెటె అనువారితో కూడి దీనిని ఏ 20 కోట్లలో ఒక వంతో తప్ప తేడా లేదని పలుపదార్థములతో నిరూపించి, 1909లో గొట్టింగెన్ విశ్వవిద్యాలయపు బహుమానమును పొందెను. 1915లో ఐన్‌స్టీన్ పూర్తిచేసిన సాపేక్షసిద్ధాంతమునకు ఈ సమానత్వమే మూలస్తంభము. రెండవది: తూర్పునకు పోవు వస్తువు కొంచెము తేలికపడును, పడమరకు పోవునది కొంచెము బరువెక్కును. భూమి తూర్పునకే తిరుగుచుండుట దీనికి కారణము. ఓడలలో సముద్రములపై ఆకర్షణను కొలిచిన హెక్కర్ అను జర్మను పండితుని లెక్కలలో ఈ దోషము కలదని ఎట్వోష్ కనిపెట్టి చెప్పెను. 1908లో నల్లసముద్రముపై ఎదురెదురు దిక్కులకు పోవు ఓడలలో కొలిచి చూడగా ఆయన మాట నిజమయ్యెను. ఓడలలోను విమానములలోను ఆకర్షణను కొలుచువారు నేటికిని తమ లెక్కలలో ఎట్వోష్ సవరణ చేయక తప్పదు.

ఇక నూనె కథ. మొదటి ప్రపంచయుద్ధకాలమున నూనెకొరకు దేశములు తహతహపడుచుండెను. ఆనాటి హంగరీలో ఎగ్బెల్ అను గ్రామము కలదు. అది నేటి స్లొవాకియాలోని గ్బెలీ. అచ్చట నొక రైతు తన నేలనుండి వెలువడు వాయువును గొట్టముతో ఇంటికి తెచ్చుకొని కాల్చుకొనెడివాడట. 1914లో అచ్చట త్రవ్వగా నూనె పడెను. హూగో బోక్ అను భూగర్భశాస్త్రజ్ఞుడు, నూనె యున్నదని తెలిసిన యీ చోటనే త్రాసును పరీక్షింపుడని సూచించెను. రాతిపొరలు విల్లువలె పైకి వంగిన మడతలలో నూనె చేరునని భూగర్భశాస్త్రము చెప్పును. నూనెయు వాయువును నీటికన్న తేలిక గనుక పైకి ప్రాకి, దాటరాని పొరక్రింద ఆ వంపులో చిక్కుకొనును. పైకి వంగినచోట లోతట్టు బరువు శిలలు నేలకు దగ్గరపడును గనుక ఆకర్షణ హెచ్చవలెను. 1916లో కొలిచి చూడగా అట్లే కనబడెను. నూనెభూమిపై మెలిత్రాసుతో చేసిన మొదటి పరీక్ష యిదియే.

ఇచ్చట నొక మాట స్పష్టముగా చెప్పవలసియున్నది. త్రాసు నూనెను చూడదు. అది బరువు శిలకును తేలిక శిలకును గల భేదమును మాత్రమే చూచును. ఆ భేదము నూనె నిలువదగిన మడతయో, ఉత్త బండయో నిశ్చయించుట భూగర్భశాస్త్రజ్ఞుని బుద్ధికి వదలిన పని. తుదకు త్రవ్విననే నిజము తేలును. నాటినుండి నేటివరకు వచ్చిన యే పద్ధతియు ఈ నియమమును దాటలేదు.

ఎగ్బెల్ పరీక్ష ఫలమును ప్రపంచము గ్రహించులోపలనే ఎట్వోష్ కాలము ముగిసెను. యుద్ధములో ఓడి, రాజ్యము ముక్కలై, విప్లవప్రభుత్వము వచ్చిన దినములలో, 1919 ఏప్రిలు 8వ తేదీన ఆయన బుడాపెస్టులో మరణించెను. తన త్రాసుతో వెదకి క్రొత్తగా కనుగొన్న నూనెబావిని ఒక్కదానినైనను ఆయన చూడలేదు.

1922లో ఆ త్రాసు అమెరికా చేరెను. డిగోల్యర్ అను భూగర్భశాస్త్రజ్ఞుని పూనికచే ఆ సంవత్సరాంతమున స్పిండిల్‌టాప్‌పై దానిని పరీక్షించిరి. టెక్సాసు తీరభూములు మన డెల్టాలవలె చదునైనవి. నేలక్రింద ఉప్పు పెద్దస్తంభమువలె పొరలను చీల్చుకొని పైకి లేచిన చోట్లు అచ్చట పెక్కు కలవు. ఆ ఉప్పుగుమ్మటముల ప్రక్కలను నూనె చేరియుండును. ఉప్పు చుట్టునున్న శిలలకన్న తేలిక గనుక త్రాసు దానిని పట్టగలదు. 1924లో నాష్ అను చోట, అంతకుముందు తెలియని ఉప్పుగుమ్మటమును త్రాసు చూపెను. అచ్చట పిమ్మట నూనెయు పడెను. అమెరికాలో యంత్రపు కొలతచే కనుగొనబడిన మొదటి నూనెభూమిగా దానిని చెప్పుదురు.

కాని ఆ 1924వ సంవత్సరముననే ప్రత్యర్థియు వచ్చెను. జర్మనీకి చెందిన లుడ్గర్ మింట్రోప్ నేలలో మందుగుండు ప్రేల్చి, ఆ యదురు దూరమునకు చేరు కాలమును కొలుచు పద్ధతిని కనిపెట్టెను. యదురు ఉప్పుగుండ వడిగా పరుగెత్తును గనుక, త్వరగా వచ్చిన దిక్కున ఉప్పుగుమ్మటము కలదని తెలియును. ఆయన సంస్థవారు టెక్సాసులోని ఆర్చర్డు గుమ్మటమును ఈ రీతిగా కనుగొనిరి. త్రాసుతో నెలలు పట్టు ప్రదేశమును వారు వారములలో ముగించిరి. ఇంతలో ఓక్లహోమాలో కార్చర్ అను భౌతికశాస్త్రజ్ఞుడు 1921లోనే మరియొక మార్గమును పరీక్షించియుండెను. కొండయెదుట కేకవేసిన ప్రతిధ్వని వచ్చునట్లు, లోతుపొరలనుండి మరలివచ్చు యదురును పట్టి, ఏ పొర యెంత లోతుననున్నదో కొలుచుటయే ఆ మార్గము. ఫ్రాన్సులో కాన్రాడ్ ష్లంబర్జర్ నేలలో విద్యుత్తును పంపి రాళ్ల భేదమును తెలిసికొను పద్ధతిని పెంపొందించెను. 1927 సెప్టెంబరు 5వ తేదీన ఆయన సంస్థవారు పెషెల్‌బ్రోన్ అను చోట త్రవ్విన బావిలోనికి పరికరమును దించి, పొరలను వరుసగా విద్యుత్తుతో కొలిచిరి.

ఆకర్షణను కొలుచు పనికిని 1930 తరువాతి దశాబ్దమున క్రొత్త సాధనములు వచ్చెను. సన్నని స్ప్రింగు సాగుటను బట్టి ఆకర్షణను నిమిషములలో తెలుపు గ్రావిమీటర్లు గంటలు పట్టు మెలిత్రాసును త్రోసిపుచ్చెను. నూనె వెదకువానికి కాలమే ధనము. ఎంత సూక్ష్మమైనను ఆలస్యమైన కొలతకంటె, తగినంత సూక్ష్మమై శీఘ్రమైన కొలతయే వానికి హితము. కొలది యేండ్లలోనే ఎట్వోష్ త్రాసులు పొలములను వీడి ప్రదర్శనశాలలకు చేరెను. ప్రతిధ్వని పద్ధతియే నూనె వెదకుటలో ప్రధానమై, నేటికిని అట్లే యున్నది.

ఇచ్చటితో కథ ముగిసినచో ఎట్వోష్ శ్రమ పదునైదేండ్ల లాభమునకు మించనిదనియే చెప్పవలసి వచ్చును. కాని మెలిత్రాసు కొలిచిన రాశికి మరల దినములు వచ్చెను. గ్రావిమీటరు ఆకర్షణ మొత్తమును తూచును. ఎట్వోష్ కొలిచినది అడుగడుగునకు అందు కలుగు మార్పును. పోవుచున్న విమానము కుదుపులకు గురియగునప్పుడు మొత్తమును విడదీసి తెలిసికొనుట కష్టము. ప్రక్కప్రక్కనున్న రెండు పరికరములు ఆ కుదుపును ఒకేతీరున పొందును గనుక, వాని భేదమును తీసికొన్నచో కుదుపు చాలవరకు కొట్టివేయబడి, భూమి చూపు మార్పు మిగులును. ఈ యుపాయముతో 1999 నుండి విమానములలో ఆకర్షణ మార్పును కొలుచు పరికరములు ఖనిజములకును నూనెకును ఉపయోగపడుచున్నవి. 2009లో ఐరోపాదేశములు పంపిన గోచె అను ఉపగ్రహము 2013 వరకు భూమిని చుట్టుచు ఈ మార్పునే కొలిచెను. ఆ కొలతలకు ప్రమాణము నేటికిని ఎట్వోష్ అనియే.

మన కృష్ణా గోదావరీ డెల్టాల కథయు ఇందుకు దూరమైనది కాదు. పైన చూచువానికి అది యంతయు ఒండుమట్టి, వరిచేలు, కొబ్బరితోటలు. ఆకర్షణను, అయస్కాంతబలమును కొలిచి పటములు గీయగా, ఆ మట్టిక్రింద ప్రాచీనశిలల గట్లును, వాని నడుమ లోతైన గుంటలును కలవని తెలిసెను. బాపట్ల గట్టు, కాజ కైకలూరు గట్టు, తణుకు గట్టు అని వానికి మన యూళ్ల పేరులే పెట్టిరి. గుంటలలో వేల మీటర్ల మందమున పేరుకొన్న పొరలను పిమ్మట ప్రతిధ్వని పద్ధతిచే వివరముగా పరిశీలించిరి. 1983లో రాజోలువద్ద సహజవాయువు పడెను. 2002లో తీరమునకు దూరముగా సముద్రగర్భమునను గొప్ప వాయునిధి కనబడెను. మొదట ఆకర్షణ పటము గుంట యెచ్చటనో చూపుట, తరువాత ప్రతిధ్వని పొరలను చూపుట, తుదకు బావిలో విద్యుత్తు ఆ పొర స్వభావమును చూపుట — ఒక పద్ధతి రెండవదానిని పూర్తిగా చంపలేదు. ఒక్కొక్కటి తనకు చేతనైన ప్రశ్నకు సమాధానము చెప్పి, తక్కిన ప్రశ్నను వేరొకదానికి అప్పగించినది.

శీఘ్రముగా ఫలమిచ్చు చదువే చదువని, తక్కినది వృథాశ్రమయని పలుకువారు విద్యార్థుల చుట్టును ఎప్పుడును కలరు. ఎట్వోష్ పని ఆయన బ్రదికియున్నంతకాలము ఎవరి దీపమునకును నూనె పోయలేదు. ఆయన పోయిన అయిదేండ్లకు ధనరాసులు చూపెను. మరి పదియేండ్లకు పాతబడెను. ఆ పిమ్మట అరువది యేండ్లకు మరల లేచెను. లాభమును బట్టి విలువ కట్టువాడు ఈ నాలుగు కాలములలో నాలుగు తీర్పులు చెప్పవలసి వచ్చును. కొలత నిజమా కాదా యని చూచువానికి మాత్రము ఒక్కటే తీర్పు. మా విద్యార్థులు ప్రయోగశాలలో త్రాసు పట్టునప్పుడు, సూచిక నిలుకడ పొందువరకు వేచియుండి, కనబడిన యంకెనే వ్రాసికొనుట నేర్తురేని, బాలటోన్ మంచుపై రాత్రి మేల్కొనిన ఆ యాచార్యుని శిష్యకోటిలో వారును చేరినట్లే మేము తలంతుము.